ముందు పళ్ల మధ్య సందు, ఏడు వారాల్లో పెళ్లి

మీరు అడిగింది చదివేవాళ్లందరికీ తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పేస్తాను. మీ వయసు 26, ఊరు గుంటూరు. పై వరసలో ముందు రెండు పళ్ల మధ్య సందు ఉంది. ఇంట్లో స్కేలు పెట్టి చూసుకుంటే 2 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఆ రెంటి పక్కనున్న పళ్లేమో మామూలు కంటే సన్నగా, చిన్నగా ఉన్నాయి. పెళ్లికి ఏడు వారాలే టైముంది. మూడు చోట్ల చూపించుకున్నారు. మొదటి చోట నాలుగు పళ్లకీ రూట్ కెనాల్ చేసి క్యాపులు పెట్టేస్తాం, వారంలో అయిపోతుందన్నారు. రెండో చోట క్లిప్పులు వేయించుకోవాల్సిందే, 14 నెలలు పడుతుందన్నారు. మూడో చోట ఆరు పళ్లకి వెనీర్లు, అంటే పంటి ముందు అతికించే పల్చటి పింగాణీ రేకులు, పెడతామన్నారు. ఇంట్లో అమ్మమ్మ గారేమో "సందు పళ్లు అదృష్టమే, దాని జోలికి పోకు" అంటున్నారు. ఎవరి మాట వినాలో తేల్చమన్నారు.

నలుగురిలో నాకు బాగా నచ్చింది అమ్మమ్మ గారి మాటే. అదృష్టం సంగతి నాకు తెలియదు కానీ, ఆరోగ్యంగా ఉన్న పన్ను జోలికి పోవద్దనడం మాత్రం ఏ పళ్ల డాక్టరైనా గోడ మీద రాసి పెట్టుకోదగ్గ మాట. రెండో చోట చెప్పింది నిజాయితీ గల సలహా, కాకపోతే మీ ముహూర్తానికి అందదు. మూడోది తప్పు కాదు, కానీ మీకిప్పుడు అంత అక్కర్లేదు. మొదటిది మాత్రం వద్దమ్మా. నేను గుంటూరులో 27 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. వారంలో పూర్తయిన ఆ క్యాపుల్ని తర్వాత పదేళ్ల పాటు బాగుచేస్తూ కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

సందు ఎలా మూయాలి అన్నది రెండో ప్రశ్న. అసలెందుకు వచ్చింది అన్నది మొదటిది. మూడు క్లినిక్కుల్లో ఒక్కచోటైనా ఎక్స్‌రే తీశారో లేదో మీరు రాయలేదు. తీయకపోతే ముందు ఆ పని కానివ్వండి. ముందు పళ్ల వేళ్ల మధ్య ఎముకలో చిన్న పన్ను ఒకటి అదనంగా ఇరుక్కుని ఉండొచ్చు. బయటికి కనిపించదు, నొప్పీ ఉండదు. అది లోపల కూర్చుని రెండు పళ్లనీ చెరోవైపు నెడుతూ ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకి సందు ఉందని తీసుకొచ్చారొకసారి. ఎక్స్‌రేలో జొన్నగింజంత పన్ను తలకిందులుగా కనపడింది.

రెండో అనుమానితుడు పై పెదవిని చిగురుకి కట్టి ఉంచే కండ పోగు. అద్దం ముందు నిలబడి పై పెదవిని వేళ్లతో పట్టుకుని ముందుకీ పైకీ లాగండి. రెండు పళ్ల మధ్యనున్న చిగురు తెల్లగా పాలిపోతే ఆ పోగు కిందికంటా దిగి పళ్ల మధ్యలోకి చొరబడిందని అర్థం. మూడోది నాలుక. గుటక వేసిన ప్రతిసారీ కొందరి నాలుక వెళ్లి ముందు పళ్లని నెడుతుంది. ఊరికే ఉన్నప్పుడు కూడా నాలుక అక్కడే ఆని ఉంటే ఆ నెట్టుడు చిన్నదేం కాదు. వీళ్లకి ఎంత అందంగా సందు మూసినా, నాలుక అలవాటు మారకపోతే మళ్లీ తెరుచుకుంటుంది. నాలుగోది దవడ పెద్దదై పళ్లు చిన్నవి కావడం. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఈ కోవలోదే అనిపిస్తోంది. పక్క పళ్లు సన్నగా, కొన తేలి ఉంటే మేం పెగ్ లేటరల్స్ అంటాం. అవి తక్కువ చోటు తీసుకోవడంతో మిగతా పళ్లు విశాలంగా సర్దుకు కూర్చుంటాయి.

ఇంకో రకం ఉంది. మీకు సంబంధం లేకపోయినా మీ ఇంట్లో పెద్దవాళ్లకి పనికొస్తుంది. చిన్నప్పట్నుంచీ ఉన్న సందు వేరు, నలభై దాటాక కొత్తగా వచ్చిన సందు వేరు. మిర్చి యార్డులో వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన వచ్చి "డాక్టరు గారూ, రెండేళ్ల క్రితం ఈ సందు లేదు, ఇప్పుడు అగ్గిపుల్ల దూరుతోంది, కాస్త సిమెంటు పెట్టి మూసేయండి" అన్నాడు. చిగుళ్లు చూస్తే ఉబ్బి ఉన్నాయి, గార పేరుకుపోయింది, నొక్కితే చీము. ఎముక కరిగిపోయి పన్ను పక్కకి జరిగింది. షుగర్ పరీక్ష చేయించుకోమంటే బాగా ఎక్కువుందని తేలింది. అలాంటి సందుని మూయడం బీటలు వారే గోడకి సున్నం కొట్టడం లాంటిది. ముందు చిగుళ్ల వైద్యం, షుగర్ అదుపు, ఆ తర్వాతే అందం.

ఇక పిల్లల సంగతి. ఏడేళ్ల నుంచి పదకొండు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి ముందు పళ్ల మధ్య సందు ఉంటే కంగారు పడకండి. కోరపళ్లు దిగేటప్పుడు పక్కనుంచి తోసుకొస్తాయి కాబట్టి చిన్న సందులు చాలామటుకు వాటంతటవే మూసుకుంటాయి. ఆ వయసులో పెదవి పోగు కోసేయమని తొందరపెట్టే తల్లిదండ్రులకి ఆగమనే చెబుతాను. ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే చాలు.

ఇప్పుడు మీ పళ్ల దగ్గరికి వద్దాం. మీకున్న దారులు నాలుగు. వాటిలో నాకు ఎక్కువ చెప్పాలనుంది కాంపోజిట్ గురించి. దీన్నే క్లినిక్కుల్లో బాండింగ్ అంటారు. జనం "పంటి రంగు సిమెంటు" అంటారు. పన్నుని అరగదీయకుండా, దాని పక్క అంచులకి పంటి రంగు పదార్థాన్ని పొరలు పొరలుగా అతికించి వెడల్పు పెంచడమే ఇది.

పన్ను నున్నగా ఉంటుంది కదా, అతికింది ఊడిపోదా అని అడుగుతారు. ఆటోనగర్‌లో కారుకి రంగు వేసే ముందు రేకుని గరుకు కాగితంతో రుద్దడం చూసే ఉంటారు. నున్నటి రేకు మీద రంగు నిలవదు. ఇక్కడా అంతే, కాకపోతే రుద్దే పని యాసిడ్ చేస్తుంది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికన్ డాక్టరు, ఫ్యాక్టరీల్లో లోహానికి రంగు పట్టడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ వాడతారు కదా, పంటికి ఎందుకు పనికిరాదు అని వాడి చూశాడు. ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, మీద కంటికి కనపడని గుంటలు పడ్డాయి, వాటిలోకి రెసిన్ అనే జిగురు లాంటి పదార్థం దిగి గట్టిగా పట్టుకుంది. ఇవాళ ముందు పళ్లకి చేసే అందాల పనిలో చాలా భాగం ఆ ఒక్క ఆలోచన మీద నిలబడి ఉంది.

కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుందో చెబుతాను, అప్పుడు భయం పోతుంది. మత్తు ఇంజెక్షను సాధారణంగా అక్కర్లేదు. ముందు రంగు ఎంచుతాం. పళ్లు ఎండిపోతే తెల్లగా కనపడతాయి కాబట్టి, నోరు తెరిపించి పావుగంట తర్వాత కాకుండా కూర్చున్న వెంటనే చేయాల్సిన పని ఇది. కిటికీ వెలుతురులో రెండు మూడు రంగుల్ని చిటికెడు చిటికెడు పంటి మీద పెట్టి చూస్తాం. తర్వాత పక్క పంటికి అంటుకోకుండా దానికి తెల్లటి టేపు చుడతాం. నవ్వకండి, అది ప్లంబర్లు కుళాయి మరలకి చుట్టే టెఫ్లాన్ టేపే. వెంట్రుకంత పల్చగా ఉంటుంది కాబట్టి మా పనికి అంత బాగా కుదిరే వస్తువు ఇంకోటి లేదు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్, నీలం రంగులో ఉంటుంది, అంచులకి రాసి ఇరవై, ముప్పై సెకన్లు ఉంచి కడిగేస్తాం. ఆరబెడితే ఆ మేర ఎనామిల్ సుద్దముక్కలా తెల్లగా మారుతుంది. ఆ తెలుపు సరిగ్గా రాకపోతే నేను ముందుకెళ్లను. దాని మీద బాండు, అంటే అతికించే ద్రవం, పూసి, నీలి లైటు వేసి, కాంపోజిట్ పొర పెట్టి, మళ్లీ లైటు. లోపలి పొర వెలుగుని కాస్త ఆపేలా, బయటి పొర కాస్త పారదర్శకంగా. అసలు పన్నులో ఉండేది కూడా అలాగే కదా.

కష్టమంతా చిగురు దగ్గర. పన్ను చిగురులోంచి బయటికి వచ్చే చోట వంపు మెల్లగా మొదలవ్వాలి. అక్కడే మెట్టులా అంచు మిగిలిపోతే అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, చిగురు వాస్తుంది, ఆర్నెల్లలో రక్తం కారడం మొదలవుతుంది. రెండు పళ్లూ కలిసే చోటు పైకి ఉండాలి. లేకపోతే చిగురుకీ ఆ కలిసే చోటుకీ మధ్య నల్లటి త్రికోణం మిగిలిపోతుంది. పెళ్లి ఫొటోల్లో సందు కంటే ఆ త్రికోణమే వికారంగా కనపడుతుంది. దీని మీద 1992లో టార్నో అనే డాక్టరు, ఆయన బృందం కొలిచి చెప్పిన లెక్క ఒకటి ఉంది: లోపలి ఎముక అంచు నుంచి పళ్లు కలిసే చోటు దాకా దూరం 5 మిల్లీమీటర్లు లేదా తక్కువ ఉంటే, దాదాపు అన్ని పళ్లలోనూ చిగురు ఆ ఖాళీని నింపేసింది. 6 అయితే సగానికి కాస్త పైగా, 7 అయితే పావు వంతుకి కొంచెం ఎక్కువ. చూడండి, ఒక్క మిల్లీమీటరు ఎంత తేడా తెస్తుందో. అందుకే ఎక్స్‌రే లేకుండా ఈ పనికి కూర్చోకూడదంటాను.

చివర్లో ఫ్లాసు దారం దించితే "టక్"మని చిన్న చప్పుడుతో దిగాలి, పీచు తేలకుండా పైకి రావాలి. ఆ తర్వాత "సీతమ్మ సంచిలో సీసా" అనిపిస్తాను. ఇన్నాళ్లూ సందులోంచి గాలి పోవడానికి అలవాటు పడ్డ నాలుక మొదటి రెండు మూడు రోజులు స, శ దగ్గర తడబడుతుంది. ఫోన్లో మాట్లాడే ఉద్యోగమైతే ఈ విషయం ముందే తెలుసుకోవడం మంచిది.

మీ విషయంలో చిక్కంతా పళ్ల వెడల్పు దగ్గరే ఉంది. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, 3 మిల్లీమీటర్ల సందున్న ఒకావిడకి రెండు ముందు పళ్లకే కాంపోజిట్ పెట్టి పూర్తిగా మూసేశాను. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆవిడ అద్దం తీసుకుని చాలాసేపు చూసుకుని, "సందు పోయింది గానీ డాక్టరు గారూ, తలుపు చెక్కలు బిగించినట్టున్నాయి" అంది. మాట కరెక్టు. పై ముందు పన్ను సగటున ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల వెడల్పు, పదిన్నర పొడవు ఉంటుంది. అంటే వెడల్పు పొడవులో 80 శాతం. కంటికి ఇంపుగా ఉండేది ఆ దగ్గర్లోనే. చెరో ఒకటిన్నర కలిపితే 95 శాతానికి పోయింది, పన్ను చదరమైపోయింది. మర్నాడు మొత్తం తీసేసి, అర మిల్లీమీటరు సందు వదిలి, పక్క పళ్లని కూడా కలుపుకుని మళ్లీ చేశాను. డబ్బులు తీసుకోలేదు.

మీకు 2 మిల్లీమీటర్లు కాబట్టి చెరో ఒకటి కలపాలి. అంటే తొమ్మిదిన్నర, 90 శాతం. కాస్త ఎక్కువే. పైగా పక్క పళ్లు అసలే చిన్నవి, వాటి పక్కన ఇవి ఇంకా పెద్దగా కనపడతాయి. దీనికి మేం చేసే సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. ముందు పళ్ల కింది అంచుని అర, ముప్పాతిక మిల్లీమీటరు పొడవు చేస్తే నిష్పత్తి దారిలోకొస్తుంది. కింది పళ్లు వచ్చి ఆ అంచుకి గట్టిగా తగలని వాళ్లకే ఇది కుదురుతుంది. పక్క పళ్లని కాంపోజిట్‌తో మామూలు ఆకారానికి తెస్తాం. వెడల్పు తగ్గించలేకపోయినా తగ్గినట్టు చూపించవచ్చు: పంటి ముందు ముఖంలో వెలుగు పడి మెరిసే రెండు నిలువు గీతల్ని కాస్త దగ్గరికి తెస్తే, బక్కపలచని వాళ్లలా కనపడుతుంది పన్ను. నిలువు చారల చీర కట్టినట్టన్నమాట. కాబట్టి మీకు చేయాల్సింది రెండు పళ్లకి కాదు, నాలుగు పళ్లకి. ఎవరైనా "రెండు పళ్లే, అరగంట పని" అంటే పక్క పళ్ల సంగతేమిటని అడగండి.

దీనికి లోపాలు లేవని చెప్పను. ఐదు నుంచి ఏడేళ్లకి మెరుపు తగ్గుతుంది, అంచు రాలొచ్చు, మళ్లీ పాలిష్ చేయించుకోవాలి, కొన్నిసార్లు కొత్తగా వేయించుకోవాలి. జాగ్రత్తగా వాడుకుంటే పదేళ్లు లాగించిన వాళ్లూ ఉన్నారు. టీ, కాఫీ, పసుపు మరకలు పడతాయి. చేయించుకున్న మొదటి రెండు రోజులు ఆవకాయ నూనె, పసుపు దట్టించిన పులుసులు పక్కన పెట్టండి. గుంటూరులో ఉంటూ కారం మానేయమనే ధైర్యం నాకు లేదు, రెండు రోజులే అడుగుతున్నాను. తర్వాత జాగ్రత్త పడాల్సింది తిండి కంటే అలవాట్ల దగ్గర. జామకాయ, చెరుకు, మొక్కజొన్న పొత్తు ముందు పళ్లతో కొరక్కండి, ముక్కలు చేసుకుని పక్క పళ్లతో నమలండి. పూలు కడుతూ దారం పళ్లతో తెంచడం, గోళ్లు కొరకడం, ఇంకోటి, జడ వేసుకునేటప్పుడు పిన్నుల్ని పళ్లతో విప్పడం. పెళ్లి పొద్దున హడావిడిలో పూలజడ పిన్ను పళ్లతో తెరవబోయి అంచు రాలగొట్టుకున్న పెళ్లికూతురు ముహూర్తానికి మూడు గంటల ముందు నా దగ్గరికి వచ్చింది. పావుగంటలో సరిచేసి పంపాను. అదే క్యాప్ పింగాణీ పగిలితే పావుగంటలో అయ్యే పని కాదు.

ఇక వెనీర్లు. కొందరు లామినేట్లంటారు. పంటి ముందు భాగాన్ని సుమారు అర మిల్లీమీటరు, అంటే మన గోరు మందమంత, అరగదీసి కొలత తీసి ల్యాబుకి పంపితే పల్చటి పింగాణీ రేకు చేసి పంపుతారు, దాన్ని అతికిస్తారు. చూడ్డానికి కాంపోజిట్ కంటే అందం, మరక పట్టదు, పదిహేనేళ్ల దాకా నిలుస్తాయి. అయితే అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. మీకు 26. ఇవాళ వేయించుకుంటే 41లో ఒకసారి మార్చాలి, 56లో ఇంకోసారి, 71లో మరోసారి. మార్చిన ప్రతిసారీ పన్ను ఇంకొంచెం తగ్గుతుంది. అందుకే పళ్ల రంగు, ఆకారం రెండూ బాగా పాడైన వాళ్లకీ, వయసు కాస్త ముదిరిన వాళ్లకీ చెబుతాను గానీ సందు ఒక్కటే ఉన్న పాతికేళ్ల వాళ్లకి మొదటి సలహాగా చెప్పను. ఆరు పళ్లకి ఎందుకన్నది కూడా నాకు అంతుపట్టలేదు, మీ కోరపళ్లలో లోపమేం రాయలేదు మీరు.

క్యాపుల గురించి రెండే ముక్కలు. క్యాప్ తొడగాలంటే పన్నుని చుట్టూ చెక్కి మేకులా చేయాలి. బయటికి కనపడే పన్నులో సగానికి పైగా పోతుంది. చెక్కితే జివ్వుమంటుంది కాబట్టి ముందే రూట్ కెనాల్ చేసి నరం తీసేస్తారు. అంటే ఏ రోగమూ లేని నాలుగు పళ్లని చంపి, వాటికి టోపీ పెట్టడం. పిప్పి పట్టిన పంటికో, విరిగిన పంటికో, ఇదివరకే రూట్ కెనాల్ అయిన పంటికో క్యాప్ మంచి వైద్యం. 2 మిల్లీమీటర్ల సందుకి కాదు.

క్లిప్పులు వేయించుకుంటే పంటికి కొత్తగా కలపడం, తగ్గించడం ఏదీ ఉండదు, ఉన్న పళ్లే జరుగుతాయి. పళ్లు నెలకి సుమారు ఒక మిల్లీమీటరు లెక్కన జరుగుతాయి. కాబట్టి రెండు నెలల్లో సందు మూసుకుపోయినట్టు కనపడుతుంది, అప్పుడు తీసేయమంటారు జనం. కనపడ్డం వేరు, నిలవడం వేరు. పళ్లని పట్టి ఉంచే చిగురు నారలు సాగదీసిన రబ్బరులా మళ్లీ పాత చోటికే లాగుతాయి. ముందు పళ్ల సందుకి ఈ జబ్బు మరీ ఎక్కువ. అందుకే పని పూర్తయ్యాక పళ్ల వెనక సన్నటి మెలి తీగ ఒకటి శాశ్వతంగా అతికిస్తాం, పెదవి పోగు అడ్డమైతే సందు మూశాక దాన్ని కోస్తాం. మీకైతే అన్నిటికంటే చక్కని వైద్యం ఏమిటంటే, క్లిప్పులతో ముందు పళ్లని దగ్గరికి తెచ్చి, ఆ ఖాళీని చిన్న పళ్ల చుట్టూ పంచి, ఆ చిన్న పళ్లని మాత్రం కాంపోజిట్‌తో పెద్దవి చేయడం. ముందు పళ్లు వాటి వెడల్పులో అవి ఉంటాయి. 14 నెలలన్న డాక్టరు మనసులో ఇదే ఉండి ఉంటుంది.

అలైనర్లు, అంటే పళ్లకి తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు, కూడా ఇదే పని చేస్తాయి, పైకి పెద్దగా కనపడవు. రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. ఒక్కో ట్రే పంటిని పావు మిల్లీమీటరుకి మించి జరపదు. డాక్టరు ఎదురుగా ఉండి చూసుకుంటే మంచి పద్ధతే. ఇంటికే పంపిస్తాం, డాక్టర్ని కలవక్కర్లేదు అనేవాళ్ల దగ్గర మాత్రం వద్దు. అమెరికాలో అలా పెద్ద పేరు తెచ్చుకున్న స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే కంపెనీ 2023 డిసెంబరులో మూతపడింది, వైద్యం మధ్యలో ఉన్నవాళ్లు ఎవర్ని అడగాలో తెలియక మిగిలిపోయారు.

ఖర్చు మాట. నాలుగు పళ్ల కాంపోజిట్ వేలల్లోనే తేలిపోతుంది. వెనీర్ అయితే పంటికి పంటి లెక్కన దానికి కొన్ని రెట్లు. క్లిప్పులు కాస్త అటూ ఇటూగా వెనీర్ల కంటే నయం, అలైనర్లు లక్ష దాటడం మామూలే. డబ్బు ఇబ్బందైతే విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, మనకి దగ్గర్లో తక్కెళ్లపాడులో సిబార్ దంత కళాశాల ఉంది. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల ఎదుట చేస్తారు. టైము ఎక్కువ తీసుకుంటారు, కానీ తొందరపడరు, ఈ పనికి ఆ గుణమే కావాలి.

ఒక్క హెచ్చరిక, దీన్ని దాటేసి పోవద్దు. వీడియోల్లో చూసి ముందు రెండు పళ్లకీ రబ్బరు బ్యాండు వేసుకునే వాళ్లున్నారు. పదో తరగతి పిల్లాణ్ని తీసుకొచ్చారు ఒక సాయంత్రం. సందు మూసుకుంది, రెండు పళ్లూ మాత్రం కిందికి దిగి ఊగుతున్నాయి. "రబ్బరు ఏదిరా" అంటే "ఎప్పుడో పోయింది సార్" అన్నాడు. పోలేదు. పంటి వేరు పైకి పోయే కొద్దీ సన్నబడుతుంది కదా, రబ్బరు చిగురు లోపలికి జారి, వేరు వెంట పైకి ఎక్కుతూ ఎముకని తినేసింది. రబ్బరు ఎక్స్‌రేలో కనపడదు. చిగురు విప్పి చూస్తే వేరు కొనకి దగ్గర్లో చుట్టుకుని ఉంది. ఒక పన్ను దక్కింది, ఒకటి పోయింది. పదహారేళ్లకి కట్టుడు పన్ను.

మీకు నా సలహా ఇది. ఈ వారంలో ఎక్స్‌రే, పళ్లు క్లీనింగు, కొలతలు. తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకోవాలనుంటే రెండో వారంలోనే చేయించుకోండి, ఎందుకంటే బ్లీచింగ్ తర్వాత కనీసం రెండు వారాలు ఆగితే గానీ కాంపోజిట్ గట్టిగా పట్టదు. అదీగాక కాంపోజిట్ తర్వాత బ్లీచింగ్ చేస్తే అసలు పళ్లు తెల్లబడతాయి, అతికించింది మాత్రం పాత రంగులోనే ఉండిపోతుంది. ఐదో వారంలో నాలుగు పళ్లకి కాంపోజిట్. ఆరో వారంలో ఒకసారి వెళ్లి పాలిష్, నాలుకకి గరుకు తగులుతుంటే సరిచేయించుకోవడం. పసుపు కొట్టే రోజు దాకా వాయిదా వేయకండి. చిన్నప్పుడు పల్నాడు వైపో కనిగిరి వైపో బోరు నీళ్లు తాగి పెరిగి ఉంటే, పళ్ల మీద తెల్ల మచ్చలో గోధుమ రంగు చారలో ఉంటే డాక్టరుకి చెప్పండి. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్‌కి యాసిడ్ కాస్త ఎక్కువసేపు పెట్టాల్సి వస్తుంది. పెళ్లయ్యాక, తీరిక చిక్కాక క్లిప్పులు వేయించుకోవాలనిపిస్తే ముందు పళ్ల కాంపోజిట్‌ని పాలిష్ చేసి తీసేయొచ్చు, కింద మీ పన్ను మీకు చెక్కు చెదరకుండా ఉంటుంది. క్యాపుకీ వెనీరుకీ ఆ వెసులుబాటు లేదు.

నిజానికి ఇంకో ప్రశ్న అడగాలనుంది. సందు మూయించుకోవాలన్నది మీ కోరికా, లేక పెళ్లిచూపుల్లో ఎవరైనా అత్తయ్య గారో పిన్ని గారో అన్న మాటా? అబ్బాయి ఆ నవ్వు చూసే కదా సరేనన్నాడు.

ఇది తేల్చుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. మీరు వెళ్లే డాక్టర్ని "యాసిడ్, బాండు లేకుండా ఉత్తినే పెట్టి చూపించండి" అని అడగండి. కాంపోజిట్‌ని పంటికి ఆనించి ఆకారం చేసి లైటు వేస్తారు. పది నిమిషాల పని. గట్టిగా అతకదు, గోటితో తీస్తే ఊడొస్తుంది, పన్నుకి ఏమీ కాదు. అది ఉండగానే ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకోండి, ఒకటి పెదవులు మూసి, ఒకటి మామూలుగా మాట్లాడుతూ, రెండు పడీ పడీ నవ్వుతూ. ఇంటికెళ్లి అవి అమ్మమ్మ గారి చేతిలో పెట్టి, ఆవిడ ముందు ఫొటో చూస్తారో మీ మొహం చూస్తారో గమనించండి.